మన పిల్లలూ, మన మైదానమూ

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శిగారు నన్ను విద్యను గురించి మాట్లాడమన్నారు. నేను ముప్పై యేళ్ళకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన వాణ్ణి. విద్యను గురించి చెప్పడానికి ఈ వేదిక మీదే నాకన్న పెద్దలున్నారు. నాకు తెలిసినది బడి గంట కొట్టిన తర్వాత జరిగే సంగతి. కనుక అదే మాట్లాడతాను. విజిలు ఊది ఊది గొంతు పాడయినది, వెనుక వారికి వినపడకపోతే చెయ్యి ఎత్తండి.

ముందుగా ఒక అంకె చెబుతాను. 240. ఈ మాట అనగానే మన పలాసలో ఎవరికైనా ఏమి గుర్తుకు వస్తుంది? జీడిపప్పు. పౌనుకు రెండువందల ఇరవై నుంచి రెండువందల నలభై గుళ్ళు తూగే రకం. ఆ పప్పు ఏరి ఏరి చూపు మందగించిన తల్లులు ఈ సభలో వున్నారు. కాని ఇంకొక 240 వున్నది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో మన జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరి ఎత్తిన బరువు అది. స్నాచ్ లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ లో 130 కిలోలు. 69 కిలోల విభాగంలో కాంస్య పతకం. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. బంగారు పతకం తెచ్చుకున్న చైనా అమ్మాయి ఎత్తినది 242న్నర కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు. మన ఇంట్లో వారానికి కొనే ఉల్లిపాయల బరువు.

ఆమె ఊరు ఊసవానిపేట. ఎక్కడో లేదు. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితే అదే ఆమదాలవలస, దాని పక్కనే ఊసవానిపేట. తండ్రి రైల్వేలో పోలీసు ఉద్యోగి. తల్లి ఆడపిల్లలను వెనక్కు లాగలేదు, ముందుకు తోసింది. అక్క కృష్ణకుమారి కూడా బరువులెత్తినదే. నీలంశెట్టి అప్పన్నగారు అనే శిక్షకుడు అక్కడ ఆడపిల్లల చేత ఇనుప కడ్డీ పట్టించారు. ఢిల్లీలోనో బొంబాయిలోనో కాదు, మన జిల్లాలోనే. 1994, 1995 సంవత్సరాలలో వరుసగా ప్రపంచ ఛాంపియను అయిన పిల్లకు మొదటి పాఠం ఆ మట్టిలోనే దొరికింది.

ఈ కథను మనం తరచు తప్పుగా చెప్పుకుంటాము. "చూశారా, పల్లెటూరి పిల్ల ఎంత గొప్పదైందో" అని చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకుంటాము. నాకు మాత్రం ఆమె కన్న ముందు ఆ కడ్డీ కనపడుతుంది. ఆ కడ్డీని అక్కడికి తెచ్చిన మనిషి కనపడతాడు. ఆ పక్కనే అదే కడ్డీని పట్టిన మిగతా పిల్లలు కనపడతారు. వాళ్ళకు ఒలింపిక్సు రాలేదు. కాని వాళ్ళు లేకపోతే మల్లేశ్వరి వొక్కర్తె ఎవరితో పోటీపడి వుండేది? ఇంకొక సంగతి కూడ చెప్పాలి. పెళ్ళయిన తర్వాత ఆమె స్థిరపడినది హర్యానాలోని యమునానగర్ లో. అకాడమీ పెట్టినదీ అక్కడే. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరు అయినది. అది ఆమె తప్పు కాదు. మనం ఇక్కడ ఏమి వుంచాము, ఆమె తిరిగి రావడానికి?

మన జిల్లాకు బలానికి కొరత ఎన్నడూ లేదు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు మన తాతలు చెప్పేవారు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న మనిషి, మోటారు కార్లను ఆపిన మనిషి. వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది గాని, ఆయన పేరిట స్టేడియం మాత్రం శ్రీకాకుళంలోనే వున్నది.

ఇప్పుడు మన ఉద్దానం సంగతికి వస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీద పడిన రోజు మీలో ఎవరూ మరచిపోలేదు. కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు, పనస చెట్లు తెల్లారేసరికి నేల మీద వున్నవి. తండ్రులు నాటిన చెట్లు కొడుకుల కళ్ళ ముందు పడిపోయినవి. నాలుగు రోజుల తర్వాత ఒక సందులో అడ్డం పడిన కొబ్బరి మొద్దును జరపడానికి మగవాళ్ళు నలుగురు అవస్థ పడుతున్నారు. ఒక పన్నెండేళ్ళ పిల్ల వచ్చి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, మొద్దు కొసను రెండు చేతులా పట్టి లేపింది. ఎవరూ నేర్పలేదు. బరువులెత్తే పిల్లలకు ఆరు నెలలు అరచి నేర్పవలసిన పని అది. నేను అక్కడే నిలబడిపోయాను.

ఆ పిల్ల మన జమాతు పిల్లే. తల్లి జీడి ఫ్యాక్టరీలో కొట్టుడు పని. తండ్రి చిన్నప్పుడే పోయాడు. నేను వాళ్ళింటికి వెళ్ళి మాట కదిపాను. నానీ ముందే అడ్డం పడింది. "ఏం మాస్టర్ సాబ్, ఆడపిల్ల బరువులెత్తితే రేపు నిఖా ఎలాగవుద్ది?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. వాళ్ళమ్మ దగ్గర వున్నది. జీడి చమురుకు నల్లబడిన చేతులను ముందుకు చాపి, "ఫేక్టరీల జీడి బస్తా పట్టి ఎత్తినన్నాళ్ళూ ఎవలూ అడగనేదు. ఇప్పుడు ఇనప కడ్డీ ఎత్తుతాదంటే అడుగుతున్నారేటి?" అన్నది. ఆ బస్తా 80 కిలోలు. ఇద్దరు ఆడవాళ్ళు చెరొక కొస పట్టి ఎత్తుతారు. నానీ ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున్న పిల్లకు తనే జడ వేసి పంపింది.

దుస్తుల సంగతి కూడ దాచకుండా మాట్లాడుకుందాము. మన ఇళ్ళలో అసలు అడ్డు అదేనని అందరికీ తెలుసు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ పేరు మీరు విన్నారు. 2022లో ఇస్తాంబుల్ లో, 2023లో ఢిల్లీలో రెండుసార్లు బాక్సింగులో ప్రపంచ ఛాంపియను. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారు కూడా బంధువుల మాటలు పడ్డారు. ఆడపిల్ల నిక్కరు వేసుకొని బరిలోకి దిగడమేమిటని అడిగారు. ఆయన కూతురి పక్కన నిలబడ్డారు. ఆమె మొదట నేర్చుకున్నది వాళ్ళ ఊళ్ళోనే, షంసముద్దీన్ గారనే శిక్షకుని దగ్గర. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా కామన్వెల్తు క్రీడలలో పతకాలు తెచ్చిన బాక్సరే. మళ్ళీ అదే సంగతి చూడండి: ఒక ఊరు, ఒక మాస్టారు, ఒక చిన్న గది.

అందరు తండ్రులూ జమీల్ అహ్మద్ గారి వంటివారు కావాలని నేను అడగను. మీ ఇంటి పద్ధతి మీది. కాని పద్ధతి పేరు చెప్పి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టేవారికి ఒక సంగతి తెలియాలి. 2011లో కుల్సూమ్ అబ్దుల్లా అనే అమ్మాయి, పాకిస్తాన్ మూలాలున్న అమెరికా పౌరురాలు, ఒళ్ళంతా కప్పుకొనే బట్టలతో బరువులెత్తుతానని అడిగింది. ప్రపంచ వెయిట్ లిఫ్టింగు సంఘం ఆ సంవత్సరమే నియమం మార్చి ఒప్పుకున్నది. ఫుట్బాలులో 2014లో, బాస్కెట్ బాలులో 2017లో తల కప్పుకోవడానికి అనుమతి వచ్చింది. అక్కడ తలుపు తెరిచి వున్నది. ఇంక గడియ వున్నదంటే అది మన ఇంటి తలుపుకే. మన ప్రవక్తవారు హజ్రత్ ఆయిషాగారితో పరుగు పందెం వేశారని చిన్నప్పుడు మౌల్వీసాబు చెప్పగా మనమందరం విన్నవాళ్ళమే. అంతకు మించి మతం సంగతి మాట్లాడే యోగ్యత నాకు లేదు.

ఆ పిల్ల కథ పూర్తి చేస్తాను. నాకు కబడ్డీ, ఖోఖో తెలుసు గాని బరువుల పని తెలియదు. ఆమదాలవలస వైపు నాతోపాటు పనిచేసిన మిత్రుణ్ణి అడిగి అడిగి నేర్చుకొని చెప్పాను. ఆడపిల్లల కడ్డీ 15 కిలోలుంటుందని, మగవాళ్ళది 20 అని కూడా అప్పుడే తెలుసుకున్నాను. 2020లో కరోనా వచ్చి అన్నీ మూతపడితే డాబా మీద డబ్బాలలో సిమెంటు పోసి, మధ్య గొట్టం గుచ్చి సాధన చేసింది. 2022లో బడి పిల్లల పోటీలకు 17 యేళ్ళ లోపు విభాగంలో ఎంపికకు తీసుకువెళ్ళాను. బరువు తూచే దగ్గరకు కూడ రానివ్వలేదు. బడి రిజిష్టరులో ఒక పుట్టిన తేదీ, ఆధారులో ఇంకొక తేదీ.

ఇది మన దగ్గర కొత్తగాదు. మన పిల్లల రిజిష్టర్లు తిరగేస్తే సగం మంది జూన్ నెలలోనే పుట్టారు! బడి తెరిచే నెల గనుక, బడికి తెచ్చిన వాళ్ళకు తేదీ తెలియక, రాసుకునే వారికి తీరిక లేక, ఏదో ఒకటి వేసేశారు. నేను కూడా కొందరికి అలాగే వేశాను. అప్పుడు అది చిన్న పని. ఆ రోజు ఆ పిల్ల బూట్లు విప్పి సంచిలో పెట్టుకొని బస్సు ఎక్కేవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తేదీ సరిచేయించేసరికి వయసు దాటిపోయింది. ఈ రోజు ఆమె తల్లి పక్కనే అదే ఫ్యాక్టరీలో పని చేస్తున్నది. పొద్దున్న పనికి పోయే ముందు ఒక గంట చిన్న పిల్లలకు కసరత్తు నేర్పుతున్నది. ఎక్కడ నేర్పుతున్నదో చివర చెబుతాను.

కనుక మన సంఘం చేయగలిగిన పనులలో అన్నిటికన్న చవకైనది ఇది. ఈ సంవత్సరం సంఘం సభ్యుల పిల్లలందరి జనన ధృవపత్రం, బడి రికార్డు, ఆధారు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వున్నవాటిని పదేళ్ళ లోపే సరిచేయించండి. ఇద్దరు చదువుకున్న యువకులు నాలుగు ఆదివారాలు కూర్చుంటే అయ్యే పని. బడి పిల్లల పోటీలలో 14, 17, 19 యేళ్ళ లోపు అని మూడు అంతస్తులున్నవి. ప్రతి అంతస్తుకూ కాగితమే నిచ్చెన. ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చుకు ఇస్తున్నారు. జీడి కొట్టే ఇంట్లో ఆ సొమ్ము అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. కాగితం సరిగా లేక అది పోగొట్టుకోవడం కన్న దరిద్రం లేదు.

ఇక నేను చేసిన తప్పు. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

వజ్రపుకొత్తూరు తీరాన ఒక పల్లె కుర్రవాడు నా దగ్గర కబడ్డీ ఆడేవాడు. మత్స్యకారుల పిల్లవాడు. ఇసుకలో వల లాగి లాగి వాడి పిక్కలు రాళ్ళలాగ వుండేవి. వాడు పట్టిన కాలు వదిలించుకొని మధ్యగీత దాటిన రైడరును నేను చూడలేదు. మోకాలు నొప్పి అంటే నేనే జేబులోంచి మాత్ర తీసి ఇచ్చేవాణ్ణి. పోటీ రోజున ఒకటి, సాయంత్రం ఒకటి. తర్వాత వాడే మందుల దుకాణంలో కొనుక్కొని నెలల తరబడి మింగాడు. మే నెల ఎండలో మధ్యాహ్నం సాధన పెట్టాను. నీళ్ళు తాగితే కడుపు బరువవుతుందని, ఆట మధ్యలో తాగనిచ్చేవాణ్ణి కాదు. మా మాస్టారు మాకు అలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను.

ఒకసారి కిడ్నీ పరీక్షల శిబిరం పెడితే సరదాగా పిల్లలందరినీ తీసుకువెళ్ళాను. వాడి క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. డాక్టరుగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఏమేమి మింగుతున్నావని అడిగారు. వాడు నా వైపు చూశాడు. అంతే. వాళ్ళ నాన్న అప్పటికే డయాలిసిస్ కు తిరుగుతున్నాడు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. నీరంటారు, ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడమంటారు, వంశమంటారు. ఆ మాత్రల వల్లనే వాడికి వచ్చిందని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. కాని నొప్పి మాత్రలు అదే పనిగా మింగితే మూత్రపిండాలకు చేటు అన్నది మాత్రం ఎవరూ కాదనరు. మామూలు ఊళ్ళో మాస్టారు చేసే పొరపాటు వేరు, ఉద్దానంలో చేసే పొరపాటు వేరు. ఇక్కడ ప్రతి వీధిలో ఒక ఇంట్లో ఆ జబ్బు వున్నది. వాడు ఆట మానేశాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. పోటీలు జరిగితే వచ్చి అంపైరుగా నిలబడతాడు. నన్ను చూస్తే ఇప్పటికీ "మాస్టారూ" అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు కష్టంగా వుంటుంది.

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి. మీ పిల్లవాడు ఏ మాస్టారు దగ్గర ఆడినా సరే, ఉదయం ఎండ ఎక్కక ముందే ముగించమని అడగండి. ప్రతి ఇరవై నిమిషాలకు నీళ్ళు తాగించమని అడగండి. శుద్ధి చేసిన నీరు ఒక సీసా మీరే ఇచ్చి పంపండి. నొప్పి అంటే విశ్రాంతి, తగ్గకపోతే డాక్టరు. దుకాణం మాత్ర వద్దు. సంవత్సరానికి ఒకసారి రక్త పరీక్ష చేయించండి. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు గనుక విశాఖకు పోవలసిన పని లేదు. ఇప్పుడు వీధి వీధికీ వచ్చిన జిమ్ములలో కండలు పెరుగుతాయని డబ్బాలు అమ్ముతున్నారు. లోపల ఏమున్నదో అమ్మేవాడికీ తెలియదు. గుడ్డు, వేరుశనగ, చేప మన దగ్గర దొరికేవే. మాస్టారుకు కోపం వస్తుందని అడగకుండా వుండకండి. నన్ను ఎవరైనా ఆనాడు అడిగి వుంటే ఎంత బాగుండేది!

కొందరు పెద్దలు నాతో అంటారు, "మాస్టర్ సాబ్, ముందు చదువు, తర్వాత ఉద్యోగం, ఆటలు డబ్బున్న వాళ్ళకు" అని. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి కాపలాదారు, తల్లి ఇళ్ళలోనూ ఆసుపత్రిలోనూ శుభ్రం చేసే పని చేసింది. బడిలో డ్రిల్లు మాస్టారు ఆ పిల్ల కాళ్ళు చూసి హర్డిల్సు పరుగెత్తమన్నారు. 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియను అయినది, 2024లో పారిస్ ఒలింపిక్సుకు వెళ్ళినది. డబ్బు కాదు, చూసే కన్ను కావాలి. ఆ కన్ను ఉత్త బడి జీతగాడిదే అయినా సరే.

ఆ మాటకొస్తే మన దేశంలో అందరికన్న గొప్ప కన్ను ఒక బడిపంతులుదే. హైదరాబాదు రహీంసాబు, సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా చూసి కుర్రవాళ్ళు ఆయన పేరు తెలుసుకున్నారు, సంతోషం. మా తరం వాళ్ళం పెద్దల నోట విన్నాము. 1951లో, 1962లో ఆసియా క్రీడలలో భారత ఫుట్బాలు జట్టుకు బంగారు పతకాలు వచ్చినవి ఆయన శిక్షణలోనే. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి సెమీఫైనలుకు వెళ్ళినది ఆ జట్టే.

ఆయన చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. పిల్లలకు బలం లేని కాలితో మాత్రమే తన్నాలని పోటీలు పెట్టేవారట. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. దీనికి పైసా ఖర్చు లేదు. ఆలోచన వుంటే చాలు. నేనూ కబడ్డీలో ఒక వారమంతా ఎడమ చేత్తోనే తాకాలని పెట్టి చూశాను. పిల్లలు మొదట నన్ను తిట్టుకున్నారు, తర్వాత నేను ఆపినా వాళ్ళు ఆపలేదు.

1962 జకార్తాలో ఫైనలు నాటికి రహీంసాబు కాన్సరుతో వున్నారు. రక్షణలో ఆడే జర్నైల్ సింగుకు తలకు కుట్లు పడ్డాయి. అతణ్ణి ఇంటికి పంపలేదు, ముందుకు మార్చి గోలు కొట్టే చోట నిలబెట్టారు. ఆ ఫైనలులో దక్షిణ కొరియాను 2-1 తో గెలిచారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగుదే. మరుసటి సంవత్సరం జూన్ లో రహీంసాబు కన్నుమూశారు. ఆ తర్వాత ఈనాటివరకు ఆసియా క్రీడలలో మన ఫుట్బాలుకు బంగారం రాలేదు. ఒక మనిషితో వచ్చినది ఆ మనిషితోనే పోయింది. అందుకే నేను ఎవరు పిల్లలకు నేర్పినా ఒక నోటు పుస్తకం పెట్టమంటాను. ఎవరు ఎంత ఎత్తారు, ఎంత పరుగెత్తారు, ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు. మాస్టారు పోయినా పుస్తకం వుండాలి.

ఆ జట్టులో పేర్లు వినండి. రహీంసాబు శిక్షణలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఆడారు. సికిందరాబాదు పేదింటి బిడ్డ తులసీదాస్ బలరాం ఆడాడు. పీటర్ తంగరాజ్ ఆడాడు, జర్నైల్ సింగు ఆడాడు. ఎవరి బిడ్డ అని ఆయన అడగలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో కార్యవర్గ సభ్యులకు ఈపాటికి అర్థమై వుంటుంది.

షాదీఖానా వెనుక మన సంఘానికి ఖాళీ స్థలం వున్నది. నాలుగేళ్ళుగా తెల్లవారుజామున పిల్లలు అక్కడ ఆడుతున్నారు. నేను చెప్పిన ఆ అమ్మాయి నేర్పుతున్నది అక్కడే. ఆ స్థలంలో దుకాణాలు కట్టి అద్దెకు ఇవ్వాలని ఈ సాయంత్రం తీర్మానం పెడుతున్నారు. కొందరు, అక్కడ ఆడేవారిలో మన పిల్లల కన్న బయటి పిల్లలే ఎక్కువ, వాళ్ళ కోసం మన స్థలం ఎందుకు అని కూడా అన్నారు. లెక్క నిజమే, నేనూ లెక్కపెట్టాను. 31 మందిలో మన జమాతు వాళ్ళు 12 మంది. మిగతా వాళ్ళ తల్లులు మన తల్లుల పక్కన అదే గోనెపట్టా మీద కూర్చొని జీడి ఒలుస్తారు. తిత్లీ నాడు మన ఇళ్ళ మీద పడిన చెట్లు తీసినది వాళ్ళ అన్నదమ్ములే. ఇంతకన్న నేను వాదించను.

దుకాణాల వాదన మాత్రం తేలికగా తీసేయలేను. అద్దె వస్తే విధవరాండ్రకు నెల సహాయం పెరుగుతుంది, పది మంది పిల్లలకు ఫీజు కట్టవచ్చు. కోశాధికారిగారు లెక్క వేసి చూపించారు, ఆయన తప్పు మాట్లాడలేదు. నేను టేపు పట్టుకొని వెళ్ళి కొలిచాను. రోడ్డు వైపు ఒక వరుస దుకాణాలు కట్టినా వెనుక 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు మిగులుతుంది. మగవాళ్ళ కబడ్డీ బరి 13 మీటర్లకు 10 మీటర్లు, ఆడవాళ్ళది 12కు 8. బరువులెత్తే చెక్క అరుగు 4కు 4. రెండూ పడతాయి, చుట్టూ నిలబడడానికి చోటు కూడా మిగులుతుంది. రెండవ వరుస దుకాణాలు మానుకుంటే చాలు. ఆ రెండవ వరుస అద్దె ఎంత నష్టమో నాకు తెలుసు. ఆ నష్టం వొప్పుకోమనే నేను అడుగుతున్నాను, లేదని చెప్పడం లేదు. నా పింఛను నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఈ నెల నుంచే కోశాధికారిగారికి కడతాను. అది ఆ అద్దెకు సమానం కాదు. ఎంతవుతుందో అంత.

కప్పులు, షీల్డులు, వేదిక మీద శాలువలు మనకు వద్దు. సంఘం ఇవ్వదలచుకుంటే పిల్లకు రోజూ ఒక గుడ్డు, సంవత్సరానికి ఒక జత బూట్లు, పోటీలకు బస్సు ఛార్జీ, నీళ్ళకు ఒక పెద్ద డ్రమ్ము. ఆ అమ్మాయికి శిక్షకుల కోర్సు చేయడానికి దారి చూపిస్తే ఇంకా మంచిది. ఆమె తేదీ ఇప్పుడు సరిగానే వున్నది, నేనే దగ్గరుండి చేయించాను.

నా సమయం దాటిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవితో దిగిపోతాను. తీర్మానం ఈ సాయంత్రం కాకుండా రేపు పెట్టండి. రేపు ఆదివారం. ఫజర్ నమాజు కాగానే పెద్దలందరూ షాదీఖానా వెనక్కు ఒకసారి రండి. అయిదున్నరకు పిల్లలు వస్తారు, ఏడు కొట్టేసరికి వెళ్ళిపోతారు. చూసిన తర్వాత ఎటు ఓటు వేసినా నాకు సమ్మతమే. కూర్చోవడానికి రెండు బల్లలు వేయిస్తాను. చాయ్ మా ఇంటి నుంచి వస్తుంది.

సెలవు. ఖుదాహాఫిజ్.